గోడ కట్టడానికి వచ్చినవాళ్ళు

స్కాట్లాండ్‌లోని ఒక చిన్న ఊరి చర్చివాళ్ళు మొదటిసారి మా బాన్సువాడకు వచ్చింది గోడ కట్టడానికి. అప్పట్లో మా గుడికి, మేం చర్చిని గుడి అనే అంటాం, ప్రహరీ లేదు. ఆరాధన జరుగుతుంటే మేకలు వరండా దాకా వచ్చి నిలబడేవి. ఇటుకలు, ఇసుక మేం తెప్పించి పెట్టాలి, వాళ్ళు వచ్చి మాతో కలిసి గోడ లేపాలి. ఒప్పందం అది. పాస్టరయ్య ఆదివారం ఈ సంగతి చెప్పగానే మా సంఘంలో అందరికీ ఒకటే దిగులు పట్టుకుంది. చుట్టాలు వచ్చేసరికి ఇల్లు మొండి గోడలతో ఉంటుందా? విమానం దిగి వచ్చినవాళ్ళ చేత ఇటుకలు మోయిస్తామా? మేస్త్రీలు మా సంఘంలోనే ఉన్నారు, మట్టి పని తెలియని ఇల్లు లేదు. పగలు కూలికి పోయి, సాయంత్రాలు గుడి దగ్గరికి వచ్చి, వాళ్ళ వ్యాను వచ్చేలోపల గోడ లేపేశారు. సున్నం కూడా వేశారు. గేటు పక్కన నీలం రంగుతో స్వాగతం అని రాయించారు.

వ్యాను దిగినవాళ్ళ నెత్తిన టోపీలు, చేతులకు తోలు తొడుగులు ఉన్నాయి. ఒకాయన సంచిలోంచి తాపీ బయటికి కనిపిస్తోంది. నేను సర్కారు బడిలో ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి వాళ్ళ మాట తెలుగులోకి, మా మాట ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పే పని నాకు అప్పగించారు. వాళ్ళకు పెద్దగా వచ్చిన పొడుగాటి ఆడమనిషి నన్ను పక్కకు పిలిచి, మేం కట్టాల్సిన గోడ ఎక్కడ అని అడిగింది. ఇదేనండీ అన్నాను. ఇది అయిపోయింది కదా అంది. అవును, మీ కోసమే అన్నాను. ఆమె గోడ వంక, నా వంక మార్చి మార్చి చూసింది. ఇంతలో మా వాళ్ళు ఆమె చేతిలో కత్తెర పెట్టి రిబ్బన్ కత్తిరించమన్నారు. పాపం, కత్తిరించింది.

ఈ కథ ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఆ రోజు గర్వంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. కూలి చేసుకునే మనుషులు తమ ఒళ్ళు హూనం చేసుకుని ఒక గోడను కానుకగా కట్టి నిలబెట్టారు. అట్లాంటి పని ఇంకే సంఘం చేసిందో చెప్పమనండి చూద్దాం.

వాళ్ళు ఒక్కసారి వచ్చి ఫొటోలు దిగి పోయేవాళ్ళు కాదు. ఒక ఏడు విడిచి ఒక ఏడు వస్తూనే ఉన్నారు. ప్రతి ఆదివారం వాళ్ళు మా కోసం, మేం వాళ్ళ కోసం ప్రార్థన చేయాలని మొదట్లోనే అనుకున్నాం. మా దగ్గర ఎవరి పిల్లకు పెళ్ళయిందో, ఎవరికి మోకాలు ఆపరేషనయిందో అక్కడ తెలుసు. అక్కడ ఎవరి తోటలో బంగాళాదుంపలు కుళ్ళిపోయాయో ఇక్కడ తెలుసు. మధ్యలో ఒక ఏడు ఆ పొడుగాటి అక్క భర్త పోయాడు. మొదటిసారి గోడ కోసం తాపీ తెచ్చుకున్నాయన ఆయనే. ఆ వారం మా గుడిలో ఆయన కోసం ఏడ్చినవాళ్ళలో సగం మందికి ఆయన పేరు పలకడం కూడా రాదు.

ఇంత దగ్గరైనా, వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం మా పద్ధతి మారేది కాదు. దండలు, శాలువాలు, ప్లాస్టిక్ కుర్చీలు. నిలబడితే కూర్చోమనడం, కూర్చుంటే చాయ్ ఇవ్వడం. ఒకామె చీపురు పట్టుకుంటే నలుగురు పరుగెత్తుకొచ్చి లాక్కునేవాళ్ళు. తిన్న పళ్ళెం ఎవరైనా కడుక్కోబోతే మా ఆడవాళ్ళకు తల కొట్టేసినట్టు ఉండేది. ఈ కాపలాకు పెద్ద మా అమ్మ. గుడిలో ఏ విందు జరిగినా వంట పెత్తనం ఆమెదే. ఊరందరికీ ఆమె అవ్వ, ఆ అక్క మాత్రం ఆమెకు దొరసాని. అలా పిలవొద్దమ్మా అంటే, దొరసానిని దొరసాని అనక ఏమంటరే అని నన్నే కసిరేది.

ఈ మధ్య కోత పండుగకు ఆ అక్క మళ్ళీ వచ్చింది. కోత పండుగంటే పంట ఇంటికొచ్చాక మా గుడిలో చేసుకునే పండుగ. కొత్త వడ్ల కట్టలు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతాం, తర్వాత సంఘమంతా కలిసి తింటాం. ఈసారి ఆమె వెంట ముగ్గురే ఉన్నారు. ఎప్పుడూ వ్యాను నిండా వచ్చేవాళ్ళు. ఆ మధ్యాహ్నం మా ఇంటి వరండాలో కూర్చున్నాక ఆమె అసలు సంగతి చెప్పింది. వాళ్ళ సంఘం చిన్నదయిపోయింది, ఉన్నవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. ఇంత ఖర్చు పెట్టుకుని ఎందుకు పోతున్నాం, అక్కడ మనం చేస్తున్నది ఏమిటి అని వాళ్ళ మీటింగులో ఒకరు అడిగారట. కుర్చీలో కూర్చుని భోజనం చేసి వస్తున్నాం, దాన్ని మిషన్ ట్రిప్ అనొచ్చా అని. నేను వెళ్ళి చూసి వచ్చి చెప్తాను, అప్పుడు తేల్చుకుందాం అని ఈమె వాళ్ళకు చెప్పి వచ్చింది.

"ఈసారి కూడా మాకు ఏ పనీ చెప్పకపోతే, మళ్ళీ పోదాం అని వాళ్ళకు నేను చెప్పలేను," అంది.

నాకంటూ ఉన్న స్నేహం ఆమెదొక్కటే. బళ్ళో తోటి టీచర్లతో పలకరింపులు ఉన్నాయి, చుట్టాలతో పంచాయితీలు ఉన్నాయి. కూర్చుని మాట్లాడుకునే మనిషి మాత్రం ఆమే. ఇక రావడం ఆగిపోతుందంటే నాకు భయం వేసింది. లేచి లోపలికి వెళ్ళాను. అమ్మ రేపటి వంటకు మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అమ్మా, రేపు వంటకాడ అక్కోళ్ళకు ఏదన్న పని చెప్పు," అన్నాను.

"నీకేమన్న దిమాక్ ఖరాబయిందా? ఇంటికొచ్చిన మనిషికి పని చెప్తవా?"

"వాళ్ళే అడుగుతుండ్రు. పని చెప్పకుంటే ఇగ రారంట."

"రాకుంటే మానె," అంది గాని, చేతిలో పని ఆగిపోయింది. కాసేపటికి గొంతు పెంచింది. "నేను పుట్టినకాడికెల్లి నన్ను ఎవ్వరన్న కూసో అన్నరానే? పొలంలకు పిలిచిరి, దొర వాకిలి ఊడ్వ పిలిచిరి, పేడ తియ్య పిలిచిరి. పిలిస్తే పనికే పిలిచిరి. మనింటికి వచ్చినోళ్ళేమో అందరు తినే వస్తుండిరి. నీ పెండ్లికి నీ బడి టీచర్లొచ్చిరి, యాదికుందా? గిప్పుడే తిన్నమవ్వా అనిరి. మంచినీళ్ళు గూడ తాగే వచ్చినమనిరి. గా దొరసాని ఒక్కతే ఉత్త కడుపుతోని వచ్చింది. నా కుర్చీల కూసుంది, నా గిలాసల నీళ్ళు తాగింది, పచ్చిపులుసు ఇంకింత పొయ్యిమన్నది. గసుంటి మనిషికి నేను పని చెప్పాల్నా?"

నా పెళ్ళినాడు వండిన పెద్ద గంజుల నిండా మిగిలిపోయిన అన్నం నాకు గుర్తుంది. దాన్ని రెండు రోజులు మా వాడకట్టంతా తిన్నది. అమ్మకు అది ఉత్త మర్యాద కాదు. జన్మలో మొదటిసారి తన చేతికి వచ్చిన అధికారం. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి వడ్డించగల మనిషి అయింది. దాన్ని వదులుకోమని ఆమెను నేనెలా అడుగుతాను?

బయటికి వచ్చేసరికి అక్క నా మొహం చూసి, మీ అమ్మ ఏమంది అని అడిగింది. మాట మార్చి చెప్పేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. పదునుగా ఉన్న మాటను కొంచెం అరగదీసి ఇస్తాం. ఆ రోజు ఏమీ తగ్గించలేదు. దొర ఇంటి వాకిలి, పేడ, నా పెళ్ళి, మిగిలిన అన్నం, అన్నీ చెప్పాను. ఇంగ్లిష్‌లోకి మార్చడం కష్టం కాలేదు, నోటితో అనడానికే కష్టమైంది.

అక్క లేచి, చెప్పులు విడిచి, తిన్నగా వంటింట్లోకి నడిచింది. పీట లాక్కుని అమ్మ ఎదుట కూర్చుని, వచ్చిన నాలుగు తెలుగు మాటల్లోంచి ఒకటి తీసి, "బువ్వ" అంది. పాస్టరయ్య ఇంట్లో ఆమె కడుపునిండా తిని వచ్చిందని అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ పెట్టింది. ఆమె తిన్నది. పళ్ళెం ఖాళీ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అమ్మతో మాట్లాడింది.

"ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆయన ఉన్నప్పుడు ఇది పట్టుకో, అది దించు అని పొద్దస్తమానం అరిచేవాడు. ఇప్పుడు నాకు పని చెప్పే మనిషి లేడు. అక్కడా కుర్చీలోనే కూర్చుంటున్నాను, ఇక్కడా కుర్చీలోనే కూర్చుంటున్నాను. నేను మర్యాద వద్దనడం లేదు. నువ్వు వడ్డిస్తే ఎన్నిసార్లయినా తింటాను. కానీ నా మీద కూడా కొంచెం అరువమ్మా."

నేను చెప్పడం పూర్తికాకముందే అమ్మ కళ్ళు తుడుచుకుంది. మా నాన్న పోయినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఎలా గడిపిందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నాకు కాదు, ఆమెకు చెప్పింది.

"నాకు గూడ గట్లనే ఉండె బిడ్డా. గంపెడు పనుంటే గాని పొద్దు పోకుండె." తర్వాత నావైపు తిరిగింది. "రేపు పొద్దుగాల రమ్మను. ఆ ముగ్గుర్ని గూడ తీస్కరమ్మను. ఆలిస్యమైతే నేనూకోనని చెప్పు."

మర్నాడు గుడి వెనక రాళ్ళ పొయ్యిల మీద గంజులు ఎక్కించేసరికి నలుగురూ వచ్చి నిలబడ్డారు. మా స్త్రీల సమాజంలో ఒకామె, అవ్వా, తప్పు గాదా అని అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ వినిపించుకోలేదు. అక్క నడుముకు పాత తువాలు చుట్టి ఉల్లిగడ్డల ముందు కూర్చోబెట్టింది. వాళ్ళతో వచ్చిన ఒకాయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినవాడు, ఆయనకు మసిగంజు ఇచ్చి తోమమంది. మిగతా ఇద్దరినీ నీళ్ళకు పంపింది. అక్కడినుంచి మొదలు.

"గంత లావు తరుగుతరా? సన్నగ తరుగుమను."

"కత్తి గట్ల పట్టుకుంటే ఏలు తెగుతది, దవాఖానకు ఎవరు తీస్కపోవాలె?"

నేను చెప్తూ పోయాను. అక్క కళ్ళ వెంట ఉల్లిగడ్డ నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఎదురుగా కిరాణం దుకాణం శేఠ్ రోడ్డు దాటి మరీ వచ్చి, టీచరమ్మా, గిదేంది, గెస్టులతోని గంజులు తోమిస్తుండ్రు అని అడిగాడు. వాళ్ళు గెస్టులని మీకు ఎవరు చెప్పిండ్రు శేఠ్ అన్నాను. ఆయన మళ్ళీ రోడ్డు దాటి దుకాణంలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నాకు రోజంతా సంతోషంగా ఉంది.

అన్నం ఉడుకుతున్నప్పుడు ఒక ఘోరం జరిగింది. బగారా అన్నంలో అమ్మ ఉప్పు వేసేసి అటు తిరిగింది. ఎవరూ వేయలేదేమోనని అక్క ఇంకో దోసిలి వేసింది. అమ్మ గంటెతో తీసి నోట్లో వేసుకుని ఒక్కక్షణం ఆగి, "ఎవరేసిండ్రు?" అంది. అక్క చెయ్యెత్తింది. ఆ తర్వాత అమ్మ తిట్టిన తిట్లు నేను ఇంగ్లిష్‌లోకి మార్చలేదు. మార్చే అవసరమూ రాలేదు. నన్ను తిట్టినట్టే తిట్టింది, మా సంఘం ఆడవాళ్ళను తిట్టినట్టే తిట్టింది. ఆరాధన అయ్యాక సంఘమంతా ఆ ఉప్పు అన్నమే తిన్నది. దొరసాని చెయ్యి పెద్దదే అని ఒకరు, బోరు నీళ్ళన్ని తాగినా సాలవు అని ఒకరు పంక్తిలోనే ఆటపట్టించారు. అక్క ఒక్కొక్కరి దగ్గరికీ చెంబు పట్టుకుని వెళ్ళి నీళ్ళు పోసింది. ఎవరూ ఆమె చేతిలోంచి చెంబు లాక్కోలేదు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున గుడి దగ్గర చేరాం. అమ్మ ఒక గంపతో వచ్చింది. గంపలో పసుపు కలిపిన కొత్త బియ్యం ఉన్నాయి. అవి ఒడిబియ్యం. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ అత్తగారింటికి తిరిగి పోయేటప్పుడు కొంగు పట్టించి బియ్యం పోసి పంపడం మా వైపు ఆచారం. ఇంటికి పోయి ఆ బియ్యం వండి తన చుట్టుపక్కలవాళ్ళకు పెట్టుకుంటుంది. కానీ అది భర్త ఉన్న బిడ్డకే పోస్తారు. పోసే చేతులు కూడా ముత్తయిదువ చేతులే కావాలంటారు. ఇక్కడ పోసేదీ భర్త లేని మనిషే, పోయించుకునేదీ భర్త లేని మనిషే.

ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. మా స్త్రీల సమాజంలో పెద్దావిడ ముందుకు వచ్చి మెల్లగా అడిగింది. "అవ్వా, ఇద్దరు గట్లనే అయితిరి. గిది నడుస్తదా?"

"నా మొగడు పోయిననాడు మా అన్నోళ్ళు నాకు ఒడిబియ్యం బందు వెట్టిండ్రు," అంది అమ్మ. "మొగడు పోతే పోయిండు. బిడ్డ గూడ పోతదా?"

పసుపు చూసి పాస్టరయ్య ఏమంటాడోనని నేను ఆయన వంక చూశాను. ఆయన గొంతు సవరించుకుని, ప్రార్థన చేసి మొదలుపెడదాం అవ్వా అన్నాడు. అక్కకు కొంగు లేదు. అమ్మ తన పెట్టెలోని నేత చీర తెచ్చి ఆమె ప్యాంటు మీదే చుట్టింది. కొంగు చాపి పట్టుకొమ్మని నేను చూపించాను. అమ్మ దోసిళ్ళతో పోసింది. ఇది ఎందుకు, ఎవరికి పోస్తారు, ఎవరికి పోయరు అన్నీ అక్కకు చెప్పాను. ఆమె తల దించుకుని కొంగు ఇంకొంచెం చాపింది.

అమ్మ తర్వాత పెళ్ళయిన ఆడవాళ్ళు వచ్చారు. అప్పటిదాకా వెనక నిల్చున్న వాళ్ళు, భర్తలు దుబాయిలో పోయినవాళ్ళు, తాగి పోయినవాళ్ళు, రోగాలతో పోయినవాళ్ళు, ఒక్కొక్కరే కదిలి గంప దగ్గరికి వచ్చారు. ఎన్నో ఏళ్ళుగా శుభకార్యాల్లో పక్కకు తప్పుకుంటూ ఉన్న చేతులు అవి. అవన్నీ ఆ బియ్యంలో ముంచి అక్క కొంగులో పోశాయి. మా సంఘంలో పుట్టినందుకు నాకు ఆ పొద్దున ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

అక్క ఊరు చేరాక వాళ్ళ మీటింగు జరిగింది. ఏం తేలుతుందోనని నేను ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగాను. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసింది. మీటింగులో ఆమె జవాబేమీ చెప్పలేదట. మేం పోసిన బియ్యం వండి అందరికీ పెట్టి, దాని సంగతి చెప్పి కూర్చుందట. మళ్ళీ పోవాలా అని అడిగిన పెద్దాయనే తిని లేచి, ఇన్నేళ్ళు మనమే పోతున్నాం, వాళ్ళను రమ్మని మనలో ఎవరైనా పిలిచామా అని అడిగాడట. పోవడం గురించి ఇక ఎవరూ అడగలేదు. ముందు మమ్మల్ని అక్కడికి పిలవాలని అందరూ ఒప్పుకున్నారు.

ఫోన్ అమ్మకు ఇచ్చాను. అమ్మ ఇద్దరికీ అర్థమైనట్టే తెలుగులో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నాకు ఫోన్ ఇచ్చి, నేను పోత అంది. మోకాళ్ళ నొప్పులు, చలి, విమానం, వీసా, అన్నీ చెప్పి చూశాను. ఆమె చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది.

పాస్‌పోర్ట్ పనికని ఫొటో స్టూడియోకు తీసుకెళ్ళాను. ఫొటో తీసే అబ్బాయి, మా దగ్గర అందరూ అడిగినట్టే, దుబాయికా అవ్వా అని అడిగాడు. నేను గొప్పగా, మిషన్ ట్రిప్ మీద పోతోంది, మా సంఘం నుంచి మొదటి మనిషి అని చెప్పాను. అతనికి ఏం అర్థమైందో గాని, ఆడ ఏం పని అవ్వా అని మళ్ళీ అడిగాడు.

అమ్మ కొంగు సర్దుకుంటూ చెప్పింది. "పనేం లేదు బిడ్డా. ఒక్కతే ఉంటదట. పోయి సూసొస్త."